మాటకు ముందు ఏడుపు, నవ్వే శిశువు భాష

మంత్రాలయం: మాటలు రాకముందే శిశువు తన ఆకలిని, భయాన్ని, ఆనందాన్ని ఏడుపు, నవ్వు, చూపుల ద్వారా తెలియజేస్తుంది. పెద్దలు వాటికి వెంటనే స్పందించినప్పుడే బిడ్డ మానసిక వికాసానికి పునాది పడుతుంది.

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యమున్నది. మంత్రాలయం, కోసిగి తదితర మండలాల నుండి అనేక కుటుంబాలు పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు ప్రాంతానికి వలస వెళ్తుంటాయి. పసిబిడ్డలు కొందరు తల్లుల వెంట పొలం గట్లకు చేరగా, మరికొందరు అవ్వాతాతల వద్ద ఉండిపోతారు.

శిశువు ఏడుపు సాధారణంగా ఆరవ వారం నాటికి అధికమై, మూడు నాలుగు నెలలకు తగ్గుముఖం పడుతుంది. 6 నుండి 8 వారాల మధ్య ఎదుటివారి ముఖం చూసి నవ్వడం, నాలుగవ నెల ప్రాంతంలో పకపకా నవ్వడం మొదలవుతాయి. ఎనిమిది, తొమ్మిది నెలల బిడ్డ కొత్తవారిని చూసి బెదురుతుంది. తల్లి కనుమరుగైతే ఏడుస్తుంది. దీనిని దిష్టిగానో, మొండితనంగానో భావించరాదు. తనవారెవరో బిడ్డ గుర్తించగలుగుతున్నదనడానికి ఇదే నిదర్శనం. సిగ్గు, గర్వం వంటి భావాలు రెండవ ఏట కనిపిస్తాయి.

పాలు పట్టడంతోనే బాధ్యత తీరదని 1970లలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ జరిపిన ప్రయోగం సూచిస్తున్నది. తల్లి కొద్ది నిమిషాలు ముఖంలో ఏ భావమూ చూపకుండా కూర్చున్నప్పుడు, శిశువు ముందుగా నవ్వుతూ ఆమెను పలకరింపజూసి, ఫలితం లేకపోవడంతో ముఖం తిప్పుకొని కలత చెందినది.

కావున బిడ్డను అవ్వ వద్ద విడిచి వెళ్లవలసి వస్తే, కొన్ని రోజుల ముందు నుండే స్నానం, ఉగ్గు, జోల ఆమె చేతుల మీదుగా జరిపించడం మేలు. దొంగచాటుగా వెళ్లడం కంటే చెప్పి వెళ్లడం మంచిది. దోబూచులాట వంటి ఆటలు, కనుమరుగైనవారు తిరిగి వస్తారన్న నమ్మకాన్ని బిడ్డలో పెంచుతాయి.

2018లో ప్రారంభమైన గృహ సందర్శన కార్యక్రమం కింద ఆశా కార్యకర్తలు 3, 6, 9, 12, 15 నెలల వయస్సులో శిశువులను చూడవలసి ఉన్నది. పుట్టుక నుండి మూడేళ్ల వరకు బిడ్డలతో నెలవారీగా ఆడించవలసిన ఆటలను, చేయించవలసిన పనులను కేంద్ర ప్రభుత్వం 2024లో ‘నవచేతన’ పేరిట రూపొందించినది. వలస వెళ్లే బిడ్డలు ఈ సేవలకు దూరం కాకుండా అంగన్‌వాడీ నమోదును చేరిన గ్రామానికి మార్చుకునే వీలు పోషణ్ ట్రాకర్‌లో ఉన్నది. తల్లులు మాతాశిశు సంరక్షణ కార్డును వెంట ఉంచుకోవాలి.

మూడు నెలలు నిండినా నవ్వని, పిలుపునకు స్పందించని శిశువును ఆలస్యం చేయక వైద్యునికి చూపించవలెను.