కరెంటు పోయినా నిలిచే పద్దు

1994 వేసవి. బి.కాం. చదివి బ్యాంకులో చేరి అప్పటికి రెండేళ్లయింది. నాందేడ్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దు వైపు ఉన్న ఒక శాఖలో పనిచేస్తున్నాను. కౌంటరు దగ్గర సగం మరాఠీ, సగం తెలుగు వినిపించే ఊరు. రంగరాజన్ గారి కమిటీ 1984లో సిఫార్సు చేసిన లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు అప్పుడప్పుడే మా వైపు శాఖలకు వస్తున్నాయి. (ఆ రంగరాజన్ గారే 1997లో ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా వచ్చారు.)

ఒక మధ్యాహ్నం ఒక పెద్దావిడ 3,000 రూపాయలు జమ చేసింది. యంత్రంలో పద్దు ఎక్కించాను. పాస్‌బుక్కులో రాసి పొడి సంతకం పెట్టాను. అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంది. కరెంటు వచ్చాక చూస్తే ఆఖరున ఎక్కించిన పద్దులు లేవు. వోచర్లు చూసి మళ్లీ ఎక్కించాం. ఆవిడ వోచరు మరో దానికి అతుక్కుపోయి తప్పిపోయింది. నగదు లెక్క సరిపోయింది కనుక ఎవరికీ అనుమానం రాలేదు. నెల తిరక్కముందే ఆవిడ డబ్బు తీసుకోవడానికి వచ్చింది. ఖాతాలో 3,000 తక్కువ.

"సారూ, గీ సంతకం నీదే గద?" అంది.

వోచరు దొరకడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆవిడ మా వరండాలో కూర్చుంది.

ఈ సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మా అబ్బాయి ల్యాప్‌టాప్ ముందేసుకుని, "నాన్నా, కరెంటు పోయినా చెరగని మెమరీ తయారు చేస్తున్నా" అనగానే నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నది అందుకే.

కంప్యూటరులో ర్యామ్ పలక లాంటిది. వేగంగా రాస్తుంది, కరెంటు పోతే తుడిచిపెట్టుకుపోతుంది. డిస్కు లెడ్జరు, నిలుస్తుంది కాని నిదానం. ర్యామ్ స్లాట్లోనే కూర్చుని, డిస్కులా గుర్తుంచుకునేది పెర్సిస్టెంట్ మెమరీ. ఇంటెల్ వారు ఆప్టేన్ పేరుతో 2019లో సర్వర్లకు తెచ్చారు. ఒక్కో పలక 128 నుంచి 512 గిగాబైట్లు. 2022లో ఆ వ్యాపారం మూసేస్తున్నామని ప్రకటించారు. వస్తువు చేతిలో లేకపోయినా, ఉన్నట్టే చూపించి ప్రోగ్రాములను పరీక్షించుకోవడానికి వర్చువల్ మెషీన్ ఉంది.

వర్చువల్ మెషీన్ అంటే ఒక ఇంటిని పోర్షన్లు చేసి అద్దెకిచ్చినట్టు. ప్రతి పోర్షనుకూ విడి తలుపు, విడి వంటిల్లు. కప్పు మాత్రం యజమానిదే. మావాడు క్యూఈఎంయూ అనే ప్రోగ్రాముతో ఒక పోర్షను కట్టాడు. మామూలు ర్యామ్ 2 గిగాబైట్లు. ఆపైన మెమరీ గరిష్ఠ పరిమితి 8 అనీ, ఇన్ని స్లాట్లు అనీ ముందే ప్రకటించాడు. పరిమితి మంజూరు కాకుండా ఓవర్‌డ్రాఫ్టు ఇవ్వం కదా, ఇదీ అంతే. తరువాత డిస్కు మీద 4 గిగాబైట్ల ఫైలు ఒకటి చేసి, దాన్నే ఎన్‌విడిమ్ పలక అని పోర్షనుకు తగిలించాడు. లోపల లినక్స్ లేచి 'పీమెమ్ సున్నా' అనే పరికరం వచ్చిందని చెప్పింది. దాన్ని ఫార్మాట్ చేసి, 3,000 జమ అని నాచేతే రాయించాడు.

మెషీన్ను చంపి మళ్లీ లేపాడు. పద్దు లేదు. అసలు ఫార్మాట్ చేసిన ఆనవాలే లేదు!

"షేర్ ఆఫ్‌లో పెట్టా నాన్నా" అని నవ్వాడు. ఆ మాట ఆఫ్‌లో ఉంటే లోపల రాసినది చిత్తు కాగితమే, ఫైలుకు ఎక్కదు. ఆన్ చేసి, మళ్లీ ఫార్మాట్ చేసి రాయించాడు. ఈసారి చంపి లేపినా పద్దు నిలిచింది.

నాకు తృప్తి కలగలేదు. "ఒరేయ్, నువ్వు అద్దెవాడి కరెంటు తీశావు. యజమాని ఇంటికే కరెంటు పోతే?"

వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పాడు. అద్దెవాడు తన దగ్గరున్నది నిజమైన చెరగని పలకే అనుకుని, ప్రాసెసరు కాషేలో ఉన్నది పలక మీదికి నెట్టి ఊరుకుంటాడట. నిజానికి ఆ రాత ఇంకా యజమాని ర్యామ్‌లోనే ఉండొచ్చు, డిస్కు చేరకుండా. వోచరు కౌంటరు మీదే ఉండగా పాస్‌బుక్కులో సంతకం పెట్టడమన్న మాట. నా సంగతి నాకు గుర్తొచ్చింది.

దీనికోసమే 2019లో లినక్స్ 5.3తో వర్ట్‌ఐఓ-పీమెమ్ అనే వేరే పరికరం వచ్చింది. లోపలి ప్రోగ్రాము 'సింక్' అనగానే అది యజమానికి కబురు పంపుతుంది. యజమాని ఫైలును డిస్కుకు ఎక్కించి, అయిందని జవాబిచ్చేదాకా ఇక్కడ పని ముగిసినట్టు కాదు. ఎన్‌విడిమ్ తీసేసి ఇది తగిలించాం. 3,000 రాసి సింక్ చేశాం. వెంటనే 500 అని రెండో పద్దు రాసి, దానికి సింక్ చేయకుండా, ల్యాప్‌టాప్ పవర్ బటన్ను ఆరిపోయేదాకా నేనే నొక్కి పట్టుకున్నాను.

తిరిగి లేపితే 3,000 ఉంది. 500 లేదు.

వంటింటి గుమ్మంలోంచి ఇదంతా చూస్తున్న మా ఆవిడ అడిగింది: "ఆ అయిదు వందలు ఎవరి పేరున రాశారండీ?"

ఆవిడ పేరునే రాశాను.