ర్యాంకింగ్ టోర్నీ

స్నూకర్‌లో ఆటగాడి స్థాయిని తేల్చేది ప్రైజ్‌మనీయే. 2014 నుంచి ఒక్కో పౌండు ఒక్కో పాయింటు. రెండేళ్లు నిండగానే ఆ మొత్తం లెక్కలోంచి జారిపోతుంది. ఇలా లెక్కకొచ్చే పోటీలే ర్యాంకింగ్ టోర్నీలు. మొదటి 16 మందికి షెఫీల్డ్‌లో జరిగే ప్రపంచ చాంపియన్‌షిప్‌లోకి నేరుగా ప్రవేశం.

ఎంత పేరున్నా, మాస్టర్స్ టోర్నీ మాత్రం ఈ లెక్కలోకి రాదు.

మన దగ్గరా ర్యాంకింగ్ టోర్నీలు జరిగాయి. 2016లో హైదరాబాద్‌లో జరిగిన ఇండియన్ ఓపెన్ ఫైనల్లో కైరెన్ విల్సన్‌ను 5-2తో ఓడించి, స్కాట్లాండ్ ఆటగాడు ఆంథొనీ మెక్‌గిల్ తొలి ర్యాంకింగ్ టైటిల్ అందుకున్నాడు. మరుసటి ఏడాది విశాఖపట్నంలోనూ ఫైనల్‌కొచ్చాడు కానీ, సాటి స్కాట్లాండ్ దిగ్గజం జాన్ హిగిన్స్ 5-1తో చిత్తుచేశాడు.

ఒక్క గెలుపు ఎంత ఎత్తుకు లేపగలదో 2025లో తేలింది. అమెచ్యూర్‌గా క్వాలిఫయర్లు దాటొచ్చిన చైనా ఆటగాడు జావో షింటాంగ్, మార్క్ విలియమ్స్‌ను 18-12తో ఓడించి ప్రపంచ విజేతయ్యాడు. చేతికందిన 5 లక్షల పౌండ్లు అతణ్ని ఏకంగా 11వ ర్యాంకులో కూర్చోబెట్టాయి.