అడవి ఫలమున పాలెవ్వరికి?

1922లో పల్నాటిసీమయందు పుల్లరిపన్ను నెదిరించి కన్నెగంటి హనుమంతు ప్రాణము లర్పించిన వృత్తాంతము మన పాఠకులు మఱచియుండరు. పసులు మేసిన గడ్డికి పన్నుగొనిన దొరతన మా గడ్డిని మొలిపించినది కాదు. నూఱేండ్లు గడచినవి, దొరతనము మాఱినది. నేడదే తగవు గడ్డిని విడిచి గాలిని పట్టుకొని వచ్చుచున్నది.

చెట్టు బొగ్గుపులుసు వాయువును పీల్చి కాండమునందును వేళ్లయందును నిలువచేయును. యంత్రములు విడుచు నా వాయువుచే భూమి వేడెక్కుచుండగా, ఈ నిలువకు వెలగట్టి కొనువారు బయలుదేఱిరి. 2030 నాటికి అడవులచేతను, ఇతర వృక్షములచేతను అదనముగా 250 మొదలు 300 కోట్ల టన్నుల వాయువును బంధింతుమని 2015లో మన దేశము ప్రపంచమునకు మాట యిచ్చినది. మాట యిచ్చినది ఢిల్లీ. చెట్టును గొడ్డలినుండియు కార్చిచ్చునుండియు కాపాడవలసినవారు కోయలు, గోండులు, చెంచులు. రాబోవు సొమ్మునకు వారసులెవ్వరు?

మన చెంతనే యొక దృష్టాంతము గలదు. నాటి ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ యను గిరిజన పల్లెలో స్త్రీల సంఘములు కానుగమొక్కలు పెంచి, గింజలనుండి నూనె తీయుటకు పూనుకొనిరి. డీజిలునకు బదులుగా నా నూనె వాడుటచే 147 టన్నుల వాయువు తగ్గునని లెక్కగట్టి 2003లో ప్రపంచబ్యాంకు 645 డాలర్లు చెల్లించెను. సొమ్ము స్వల్పము, ముప్పదివేల రూపాయలకు మించదు. కాని యది పాటుపడిన స్త్రీలకే చేరినది.

పెద్ద మొత్తముల తీరు వేఱు. గనులకును ఆనకట్టలకును అడవిని కోల్పోయినందుకు వసూలైన పరిహారనిధికి 2016లో చట్టమేర్పడినది. 2019లో రాష్ట్రములకు 47,000 కోట్ల రూపాయలకు పైగా పంచిరి. ఆ ధనము అటవీశాఖ పద్దున నడచును. నిబంధనలలో గ్రామసభతో ‘సంప్రదింపు’ అను మాట యున్నది. సమ్మతి యను మాట లేదు. ఈ రెంటికిని గల దూరము, శిస్తు కట్టినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

భూస్వాములైన మన పాఠకు లీ సంగతి తేలికగనే గ్రహింపగలరు. కోరుపంటలో రైతును, కౌలుదారును ఇరువురును కళ్లము కడ నిలిచి యుండగా రాశి కొలుతురు. ఒకడు లేనప్పుడు కొలిచిన రాశి యెన్నడును తగవు లేక యిల్లు చేరదు. 2022 నాటి యటవీ నిబంధనలలో కేంద్రానుమతికి ముందే గ్రామసభ సమ్మతి గైకొనవలెనను షరతు తొలగినది. ఇది రాశి యెత్తుకొనిపోయిన పిమ్మట కౌలుదారుని కళ్లమునకు పిలుచుట!

గ్రామస్థుల కధికారమిచ్చినచో నడవి నఱకివేయుదురని కొందఱధికారులందురు. మహారాష్ట్రమున గడ్చిరోలి జిల్లాలోని మేంఢా-లేఖా గ్రామస్థులు హక్కుపత్రము రాకమునుపే యనేక సంవత్సరములు తమ యడవిని కాపాడుకొనిరి. 2006 నాటి యటవీహక్కుల చట్టముక్రింద 2009లో సుమారు 1,800 హెక్టారులపై వారి హక్కు స్థిరపడినది. వెదురు తరలించు రహదారీపత్రములకై మఱల రెండేండ్లు పెనుగులాడవలసివచ్చెను. 2011లో కేంద్రమంత్రి జైరాం రమేష్ స్వయముగ వచ్చి యిప్పించెను. తమ వెదురు తాము అమ్ముకొనుటకే మంత్రి దిగి రావలసియుండగా, కంటికి కనబడని వాయువు నమ్ముకొనుట కెవ్వరు దిగి రావలయునో!

ఆ చట్టమున చిన్నతర అటవీఫలములపై స్వామ్యము వ్రాసిరి. బొగ్గుపులుసు మాట లేదు. ఈ మౌనమున బేరగాండ్రు దూరకముందే దానిని పూరింపవలెను. వాయువు విక్రయించు ప్రతి యొప్పందమును గ్రామసభయెదుట వారి భాషలో చదివి వినిపింపవలెను. సొమ్ము సభ పేరిటి ఖాతాకు నేరుగ జమకావలెను. అటవీశాఖ తన ఖర్చులను తరువాత చూపి పుచ్చుకొనవచ్చును. సభ సమ్మతి లేని యొప్పందము చెల్లదను నొక్క వాక్యము నా చట్టమున చేర్పింపుడని మన పార్లమెంటు సభ్యులను మేము కోరుచున్నాము.