రూపాయికి ఎనిమిది పైసలు

ఇంటి పన్ను నోటీసు చేతికందగానే ఎవరైనా ముందు చూసేది అడుగున ఉన్న మొత్తాన్నే. నిరుటి కంటే ఎంత పెంచారు, పాత బాకీ ఏమైనా తగిలించారా, ఏప్రిల్ నెలాఖరులోగా కట్టేస్తే అయిదు శాతం రాయితీ దక్కుతుందా... లెక్క అక్కడితో సరి. ఆ కాగితంలోనే ఒక మూల చిన్న గడి ఉంటుంది: గ్రంథాలయ సెస్సు. దాని మీద చూపు ఆనడం అరుదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆస్తి పన్నులో ప్రతి రూపాయికీ ఎనిమిది పైసలు ఈ సెస్సు. ఊళ్లో పంచాయతీ, పట్నంలో మున్సిపాలిటీ, నగరంలో కార్పొరేషన్... ఎవరు వసూలు చేసినా అంతే. హైదరాబాద్‌లో ముందు అద్దె విలువ మీద పన్ను లెక్కగడతారు, ఇంటి వయసును బట్టి కొంత తరుగు తీస్తారు, ఆఖర్న ఈ ఎనిమిది శాతం కలుపుతారు. అయిదు వేల పన్ను పడే ఇంటికి ఏడాదికి నాలుగు వందలు. పదేళ్లలో నాలుగు వేలు. ఆ డబ్బుతో ఆ ఇంటివాళ్లే ఒక బీరువా పుస్తకాలు కొనుక్కోవచ్చు.

అసలు సంగతేమిటంటే, ఈ నాలుగు వందలూ మున్సిపాలిటీ సొమ్ము కాదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యే ఈ డబ్బును జిల్లా గ్రంథాలయ సంస్థకు అప్పజెప్పాలి. స్థానిక సంస్థ చేయాల్సింది వసూలు చేసిపెట్టడం వరకే. పెళ్లిలో చదివింపులు రాసుకునే మనిషి ఆ సంచీతో తన ఇంటికి వెళ్లిపోతే ఊరుకుంటామా? ఇక్కడ మాత్రం ఏళ్ల తరబడి ఊరుకుంటున్నాం. సెస్సు జనరల్ ఫండులో కలిసిపోతుంది. నెల తిరిగేసరికి పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, వీధి దీపాల కరెంటు బిల్లు, కాంట్రాక్టర్ల ఒత్తిడి. కార్మికులు సమ్మె కడితే చెత్త పేరుకుపోతుంది, బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకేస్తారు. గ్రంథాలయానికి అలాంటి ఆయుధాలేవీ లేవు. అది వరసలో ఎప్పుడూ చివరే నిలబడుతుంది. అలా బకాయిలు జిల్లా జిల్లాకూ కోట్లలో పేరుకుపోతాయి.

ఇది మనకొక్కరికే పట్టిన రోగం కాదు. కర్ణాటకలో సెస్సు ఆరు శాతం. బెంగళూరు మహానగర పాలిక గ్రంథాలయ శాఖకు పడ్డ బకాయి వందల కోట్లకు చేరి రచ్చకెక్కింది.

దీని పక్కనే మరో పన్ను కథ పెట్టి చూస్తే జనం నాడి తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021లో చెత్త సేకరణకు నెలనెలా రుసుం మొదలుపెట్టారు, ఇంటికి 120 రూపాయల దాకా. దాన్ని జనం ‘చెత్త పన్ను’ అన్నారు. వసూలుకు వచ్చినవాళ్లతో వీధుల్లో గొడవలు, పార్టీల ధర్నాలు, చివరికి ఎన్నికల్లో వాగ్దానం. 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దాని రద్దు ప్రకటించారు. విడిగా చేయి చాపి అడిగితే జనానికి మండుతుంది. నోటీసులో ఒక గడిగా ఒదిగి కూర్చుంటే తరాలు గడిచినా ఎవరూ పట్టించుకోరు.

పట్టించుకోని చోట క్రమం తప్పకుండా కట్టేవాడికే నష్టం. హైదరాబాద్‌లో పన్ను ఆలస్యమైతే నెలకు రెండు శాతం వడ్డీ. అయితే కొన్నేళ్లుగా మొండి బకాయిల కోసం ‘వన్ టైమ్ సెటిల్‌మెంట్’ పెట్టి, ఆ వడ్డీలో తొంభై శాతం మాఫీ చేస్తున్నారు. ముందే కట్టినవాడికి అయిదు శాతం, ఎగ్గొట్టినవాడికి తొంభై! రెండూ ఒకే దాని మీద లెక్కగట్టే శాతాలు కావు, నిజమే. అయినా ఏప్రిల్ ఎండలో క్యూ కట్టినవాడి కడుపు మండకుండా ఉండదు.

పంచాయతీల గోడూ వినాలి. 2021లో ఆంధ్రప్రదేశ్ సర్పంచులు ఖాతాలు తెరిచి చూసుకుంటే ఆర్థిక సంఘం నిధులు లేవు. విద్యుత్ పంపిణీ సంస్థల పాత బాకీలకు ప్రభుత్వం వాటిని సర్దేసింది. తమను ఒక్క మాటైనా అడగలేదని సర్పంచులు రోడ్డెక్కారు, కొన్నిచోట్ల బిచ్చమెత్తి నిరసన తెలిపారు. వారి కోపం న్యాయమైనదే. కాకపోతే అదే పద్ధతిలో గ్రంథాలయం వాటా స్థానిక సంస్థల దగ్గర నిలిచిపోవడం మాత్రం ఏ నిరసనలోనూ వినపడలేదు. పైవాడు కిందివాడిది సర్దుకుంటాడు, కిందివాడు తన కింద ఎవరున్నారా అని చూస్తాడు.

ఇలాంటి చట్టాలు రాకముందు గ్రంథాలయాలను నడిపింది ఊళ్లే. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం చందాలతో, విరాళాలతో లేచినవే. అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా తిరిగి సంఘాలు పెట్టించారు. పాతూరి నాగభూషణం 1935లో గుంటూరు జిల్లా కాలువల మీద పడవలో పుస్తకాలు పంపి, రేవుల్లో చదివించారు. జనం జేబులోంచి తీసి ఇచ్చే రోజుల్లో పుస్తకం పడవెక్కి మరీ వచ్చింది. చట్టం చేసి వసూలు చేసే రోజుల్లో జిల్లా కేంద్రానికే చేరడం లేదు.

పొద్దున్నే ఏ జిల్లా కేంద్ర గ్రంథాలయానికి వెళ్లినా ఈ లోటు కంటికి కనిపిస్తుంది. పేపర్ల బల్ల దగ్గర రిటైరైన పెద్దమనుషులు ఒకే దినపత్రికను పేజీలుగా పంచుకుంటారు. మిగతా హాలంతా గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షల పిల్లలు. బల్ల మీద చోటు పట్టుకోవడానికి తలుపు తీయకముందే వచ్చి నిలబడతారు. చోటు దొరకనివాళ్లు వరండాలో, చెట్టు కింద సర్దుకుంటారు. చదివేది గ్రంథాలయం పుస్తకం కాదు, సొంతంగా కొన్నదో జిరాక్సు తీయించినదో. అంటే వాళ్లకిక్కడ దొరుకుతున్నది నీడ, ఫ్యాను, నిశ్శబ్దం. వాళ్ల ఇళ్లలో చాలామటుకు సెస్సు కడుతున్నవే, అద్దె రూపంలోనైనా సరే.

గ్రంథాలయ సంస్థల వైపు తప్పూ తక్కువేమీ కాదు. చైర్మన్ పదవి అధికార పార్టీ నామినేట్ చేసేది కావడంతో, ప్రభుత్వం మారితే కుర్చీ ఖాళీ. బకాయి కోసం కమిషనర్ల వెంట పడాల్సినవాళ్లు సొంత పార్టీ మేయర్‌ను నిలదీస్తారా? కొత్త పుస్తకాలు కొనడం లేదని రచయితలు, ప్రచురణకర్తలు మొత్తుకోవడం మామూలైపోయింది. కోల్‌కతాలోని రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ నుంచి వచ్చే సరిజోడు నిధులకు రాష్ట్రం తన వాటా వేయాలి. ఇక్కడ జేబు ఖాళీ అయితే అక్కడి డబ్బూ ఆ మేరకు తగ్గుతుంది.

మెలిపెడితే లెక్కలు వస్తాయనడానికి ఉదాహరణ ఉంది. ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో పెడితేనే నిధులు అని 15వ ఆర్థిక సంఘం షరతు విధించాక, దుమ్ము పట్టిన పంచాయతీ పద్దులు కంప్యూటరెక్కాయి. సెస్సు అప్పజెప్పిన రసీదుకూ అలాంటి షరతే పెట్టడానికి అడ్డేమీ లేదు.

అంతవరకూ పన్ను కట్టేవాడి చేతిలో ఉన్నది సమాచార హక్కు చట్టం. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుమే లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆపైన పది. ప్రశ్నను రెండు చోట్ల వేయాలి. గత అయిదేళ్లలో గ్రంథాలయ సెస్సు ఏడాదికెంత వసూలైంది, ఎంత జమ చేశారు, ఏ తేదీన అని మున్సిపాలిటీని అడగాలి. అదే అయిదేళ్లలో ఆ మున్సిపాలిటీ నుంచి ఎంత అందిందని గ్రంథాలయ సంస్థను అడగాలి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే కార్యాలయంలోని పై అధికారికి అప్పీలు. రెండు జవాబుల్లో అంకెలు కలవకపోతే ఆ కాగితాలు జతచేసి రాష్ట్ర ఆడిట్ శాఖ జిల్లా కార్యాలయానికి పంపవచ్చు. ఇద్దరి పద్దులూ చూసేది వాళ్లే.