గడ్డం గీసుకున్నాక మంట ఎందుకు? సబ్బు కథ కాస్త తెలుసుకుందాం

ఇప్పనూనె, ఆముదం కలిపి గడ్డం సబ్బు చేసే పద్ధతి పై వీడియోలో చూపించాను. చేతిపని చూపించడానికే టైమ్ సరిపోయింది. కారణాలు ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున గడ్డం గీసుకుని నేరుగా అగ్నిఅస్త్రం పిచికారీకి వెళ్లినవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. మిర్చి, వెల్లుల్లి, పొగాకు తుంపర చెంప మీద పడితే భగ్గుమంటుంది. తప్పు కషాయానిది కాదు, అప్పటికే ఒలిచినట్టైన చర్మానిది.

కంపెనీ సబ్బయితే మంట, ఇంటి సబ్బయితే హాయి అని మనలో చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. ఏ సబ్బయినా నూనె, క్షారం కలిస్తేనే పుడుతుంది. చర్మం పైపొర పీహెచ్ సుమారు 5, సబ్బు నురగది 9 నుంచి 10. చౌడు నేలలో మొక్క పడే అవస్థ మనకు ఒకరు చెప్పాలా! స్నానంలో అయితే సబ్బు నిమిషంలో కడిగేస్తాం. గడ్డానికి రాసిన నురగ నాలుగైదు నిమిషాలు అలాగే ఉంటుంది. పైగా బ్లేడు వెంట్రుకతోపాటు పైపొరను కూడా కొంత గీకేస్తుంది. లోపలి తడిని పట్టి ఉంచే జిడ్డు పోయాక చర్మం బిగుసుకుని పొట్టు లేస్తుంది.

ఇక అసలు సంగతి నూనెలో ఉంది. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. దాని సబ్బు బుసబుసా నురగ ఇస్తుంది, మురికిని ఊడ్చేస్తుంది, ఆ ఊపులో చర్మం జిడ్డునూ ఊడ్చేస్తుంది. అందుకే మీ తోటలో మందు వేయని కాయలతో చేసినా సరే, వంద శాతం కొబ్బరి సబ్బు గడ్డానికి పనికిరాదు. సంతలో ఇలాంటివి 'సహజం' అని అమ్మే మిత్రులకు ఇది గట్టిగానే చెబుతున్నాను. గడ్డానికి కావలసింది బుడగల నురగ కాదు, మీగడలా చిక్కగా నిలిచే నురగ. అది స్టియరిక్, పామిటిక్ ఆమ్లాల నుంచి వస్తుంది. ఇప్పనూనెలో ఆ రెండూ బాగా ఉంటాయి. అందుకే నేను సగానికి పైగా ఇప్పనూనె, పదో వంతు ఆముదం వేసి, కొబ్బరి పావు వంతు దాటకుండా చూసుకుంటాను. సబ్బు తయారయ్యేటప్పుడు పుట్టే గ్లిజరిన్‌ను పెద్ద ఫ్యాక్టరీలు వేరుచేసి విడిగా అమ్ముకోవడం మామూలే. ఇంటి సబ్బులో అది అలాగే మిగులుతుంది, మన లాభం అక్కడ.

క్షారం లెక్క మాత్రం కళ్లతో వేయకండి. కిలో కొబ్బరినూనెకు సుమారు 183 గ్రాముల కాస్టిక్ సోడా పడితే, కిలో ఆముదానికి 128 గ్రాములే. ఏ నూనెకు ఆ నూనె లెక్క కట్టి, వచ్చిన మొత్తంలో 5 నుంచి 7 శాతం తగ్గించి వేస్తే కొంత నూనె సబ్బు కాకుండా చర్మానికి మిగులుతుంది. సోడాను నీళ్లలో వేయాలి, నీళ్లను సోడా మీద పోయకూడదు. అల్యూమినియం గిన్నె వద్దు, కాస్టిక్ దాన్ని తినేస్తుంది. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. నాలుగు వారాలు ఆరనివ్వాలి.

ఇంత చేసినా బోరు నీళ్లు చెడగొడతాయి. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. నురగ రాదు, ఇంకా రుద్దుతాం, తెట్టు ముఖానికి అంటుకుని దురద పెడుతుంది. గడ్డానికి కావలసింది చెంబుడు నీళ్లే కదా, వాననీళ్లు పట్టి ఉంచుకోండి. లేదా కాచి, చల్లార్చి, పైన తేరిన నీళ్లు వాడండి. కాచితే కొంత కాఠిన్యం అడుగున పేరుకుంటుంది.

సున్నిపిండితో గీసుకోవచ్చా అని అడుగుతుంటారు. బ్లేడు జారదండి. కుంకుడు నురగ పలచన, కంట్లో పడితే చెప్పక్కర్లేదు. పటిక గాటు దగ్గర రక్తం ఆపడానికి మంచిదే, రోజూ ముఖమంతా రుద్దితే ఇంకా బిగుసుకుపోతుంది. స్పిరిట్ వాసన కొట్టే లోషన్లదీ అదే దారి. కలబంద గుజ్జు రాసుకోవచ్చు. అయితే మట్ట కోయగానే కారే పసుపు రసం పూర్తిగా కారనివ్వాలి, అది దురద పెడుతుంది.

పిచికారీ ఉన్న రోజు అసలు గడ్డం జోలికి పోకండి. ముందురోజు సాయంత్రం గీసుకుని, తడి ఆరకముందే రెండు చుక్కల నువ్వులనూనె రాసుకుని పడుకోండి.