ఫ్రాంచైజీ కొనేముందు: శిక్షణ ప్రయాణానికి ఎంత ఖర్చవుతుంది?

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• ‘ఉచిత శిక్షణ’ అన్న మాటలో ఏ ఖర్చులు చేరవో చెప్పగలుగుతారు.
• శిక్షణ ప్రయాణానికి కావలసిన సొమ్మును లెక్క కట్టగలుగుతారు.

1. ఉచితం అంటే ఏది ఉచితం?

పేరున్న సంస్థకు రుసుము చెల్లించి, దాని పేరుతో, దాని పద్ధతిలో వ్యాపారం చేసుకొనే హక్కు పొందడాన్ని ఫ్రాంచైజీ అంటారు. ఆ పద్ధతి నేర్పడానికే సంస్థ శిక్షణ ఇస్తుంది.

ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి కుటుంబంలో ఒక తండ్రి, పదవీ విరమణ సొమ్ముతో సాక్చీలో ఫ్రాంచైజీ దుకాణం పెట్టాలనుకున్నాడని ఊహించండి. సంస్థ హైదరాబాదులో ఉంది. ‘శిక్షణ ఉచితం’ అన్నారు. ఉచితమైనది బోధన మాత్రమే కావచ్చు. రైలు ఛార్జీ, బస, భోజనం ఎవరివి? ఇది ముందే అడగకపోతే, సరుకు కొనడానికి దాచిన డబ్బు ప్రయాణానికి పోతుంది.

2. లెక్క వేసే విధానం

తండ్రీ కొడుకులు 10 రోజుల శిక్షణకు వెళ్తున్నారు. రాకపోకలతో 13 రోజులు. ఈ ధరలు లెక్క నేర్చుకోవడానికి ఊహించినవి.

రైలు: 2,000 × 2 మంది × 2 సార్లు = రూ. 8,000
బస: 1,200 × 10 రాత్రులు = రూ. 12,000
భోజనం: 400 × 2 మంది × 13 రోజులు = రూ. 10,400
ఆటో, బస్సు: 200 × 10 రోజులు = రూ. 2,000
మొత్తం: రూ. 32,400
అనుకోని ఖర్చులకు నూటికి 10 చొప్పున: రూ. 3,240
కావలసిన సొమ్ము: రూ. 35,640

శిక్షణ ముగియకముందే దుకాణం అద్దెకు తీసుకుంటే, మూసి ఉన్న రోజులకూ అద్దె కట్టాలి. దాన్నీ కలపండి.

3. జాగ్రత్తలు

• శిక్షణ తేదీ కాగితం మీద వచ్చాకే టికెట్టు కొనండి. టాటానగర్‌లో రైలెక్కే తేదీకి 60 రోజుల ముందు నుండి రిజర్వేషన్ దొరుకుతుంది. ఖాయమైన తత్కాల్ టికెట్టును రద్దు చేసుకుంటే సాధారణంగా డబ్బు తిరిగి రాదు.
• తరువాత చేర్చుకొనే పనివారికి శిక్షణ ఎక్కడ, ఎవరి ఖర్చుతో అని అడగండి.
• సంస్థ మనిషి మీ ఊరికి వచ్చి నేర్పితే, అతని ప్రయాణ ఖర్చు ఎవరిదో తేల్చుకోండి.

అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మే సంస్థ, శిక్షణ ప్రయాణ ఖర్చు ఎవరు భరించాలో వివరాల పత్రంలో రాసి, ఒప్పందానికి కనీసం 14 రోజుల ముందు ఇవ్వాలి. మన దేశంలో ఫ్రాంచైజీలకు ప్రత్యేక చట్టం లేదు. ముఖ్యంగా 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఆధారం. కాబట్టి నోటిమాటను నమ్ముకోకండి. ఖర్చు ఎవరిదో ఒప్పందంలో రాయించుకొని, చదివిన తరువాతే సంతకం చేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై లెక్కలో శిక్షణ 5 రోజులే అయితే బసకు ఎంత అవుతుంది?
2. టికెట్టు కొనేముందు ఏది చేతికి రావాలి?

జవాబులు: 1. రూ. 6,000. 2. శిక్షణ తేదీ తెలిపే కాగితం.