మిర్చి నేలలో మిగులు లెక్క

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి ఊళ్లలో ఇద్దరు రైతులు ఎదురుపడితే ముందుగా వచ్చే ప్రశ్న "ఎకరాకు ఎన్నొచ్చాయి?" పత్తి అయినా మిర్చి అయినా అదే ప్రశ్న. ఇరవై క్వింటాళ్లు అన్నవాడికి అరుగు మీద గౌరవం పెరుగుతుంది. పన్నెండు అనాల్సినవాడు మాట మారుస్తాడు. ఎంత మిగిలిందని అడగడం మర్యాద కాదు కాబట్టి ఆ రెండో అంకె బయటికి రాదు. చాలా ఇళ్లలో అది కాగితం మీదికి కూడా ఎక్కదు. మనసు మార్చుకోవడం గురించి, బతుకు మీద తృప్తి గురించి ఈ నేలలో మాట్లాడాలంటే ఆ రెండో అంకె దగ్గరే మొదలుపెట్టాలని నా నమ్మకం. మనిషి తనను తాను దేనితో కొలుచుకుంటున్నాడో అది మారకపోతే మిగతా మార్పులు నిలవవు.

"రైతు మారడు" అని సమావేశాల్లో అంటారు, పట్నంలో స్థిరపడ్డ పిల్లలూ అంటారు. ఈ ప్రాంతపు చరిత్ర చూస్తే ఆ మాట నిలబడదు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. 1970లో సూరత్ నుంచి హెచ్-4, 1972లో ధార్వాడ నుంచి వరలక్ష్మి సంకర పత్తి రకాలు వచ్చాయి. పొగాకు వేసిన చేలు కొన్నేళ్లలోనే పత్తి చేలయ్యాయి. నేల చాలని కుటుంబాలు వరంగల్, ఆదిలాబాద్‌లకు, కర్ణాటకలో సింధనూరు, గంగావతి దాకా వెళ్లి భాష రాని ఊళ్లలో కూడా కొత్తగా సేద్యం మొదలుపెట్టాయి. 1980ల్లో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు, 2002 మార్చిలో అనుమతి వచ్చాక బీటీ పత్తి, ఆ తర్వాత మిర్చి సంకర రకాలు. యాభై ఏళ్లలో ఇన్నిసార్లు విత్తనాన్ని, పంటను, ఊరిని కూడా మార్చుకున్నవాళ్లను మార్పంటే భయపడేవాళ్లని ఎలా అంటాం?

అయితే ఆ మార్పులన్నీ ఒకే అంకెను పెంచడానికి జరిగాయి. దాని ఖరీదు 1987-88లో తెలిసింది. పైరిథ్రాయిడ్లు మొదట్లో శనగపచ్చ పురుగును బాగా చంపాయి. దాంతో పిచికారీలు పెరిగాయి. పురుగు మందుకు అలవాటు పడింది. దాన్ని తినే అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు మాత్రం చేలో మిగల్లేదు. ఆకు అడుగున దాగి రసం పీల్చే తెల్లదోమకు అడ్డు లేకుండా పోయింది. మందు కొట్టేకొద్దీ దోమ పెరిగింది, దోమ పెరిగేకొద్దీ మందుల కొట్టులో అప్పు పెరిగింది. ఆ ఏడు ఈ రెండు జిల్లాల పత్తి ఊళ్లలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. దేశంలో పత్తి వేసేది మొత్తం సాగు నేలలో 5 శాతం దగ్గర, అప్పట్లో పురుగుమందుల్లో దాదాపు సగం ఆ 5 శాతం మీదే పడేది. 2021లో నల్ల తామర పురుగు మిర్చి మీద పడినప్పుడు కూడా ఏ మందు కొట్టాలన్నదే చాలామంది మొదటి ప్రశ్న అయింది. పెట్టుబడి ఎక్కడ ఆపాలన్నది చివరి ప్రశ్న.

ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. ఇద్దరు మిర్చి రైతులు, చెరో ఎకరం. మొదటి రైతు కౌలు, విత్తనం, మందులు, కోత కూలి అన్నీ కలిపి 2,30,000 రూపాయలు పెట్టి 20 క్వింటాళ్లు తీశాడు. రెండో రైతు వేపగింజల కషాయం, జిగురు అట్టలు, చుట్టూ జొన్న వరుసలు, అవసరమైతేనే మందు అనే పద్ధతిలో 1,30,000 పెట్టి 15 క్వింటాళ్లు తీశాడు. అరుగు మీద ఎవరు గొప్పో చెప్పనక్కర లేదు. ఇప్పుడు ధర పెట్టండి. క్వింటాలు 20,000 పలికితే ఇద్దరికీ మిగిలేది సమానంగా 1,70,000. అంతకంటే ఎక్కువ పలికితే మొదటి రైతుదే పైచేయి. 2023లో గుంటూరు యార్డులో 20,000 దాటిన ధరలు చూసినవాళ్లకు అది అసాధ్యమైన ఆశ కాదు. కానీ 2025 ఫిబ్రవరికి ధరలు ఎంత పడ్డాయంటే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. ఆ ధరకు మొదటి రైతుకు మిగిలేది 5,620. రెండో రైతుకు 46,715.

ఇందులో వడ్డీ ఇంకా కలపలేదు. మొదటి రైతు అదనంగా పెట్టిన లక్ష అప్పు తెచ్చిందే అనుకుందాం. నూటికి రెండు రూపాయల వడ్డీ, ఎనిమిది నెలలు: 16,000. ఇప్పుడతనికి మిగులు లేకపోగా 10,380 నష్టం. ఇద్దరూ సమానమయ్యే ధర కూడా 20,000 నుంచి 23,200కు జరిగింది. పండించిన ఎక్కువ అయిదు క్వింటాళ్లకు ఊళ్లో పేరొచ్చింది, ఇంట్లో నిద్ర పోయింది.

ఈ లెక్క తెలిసీ ఎందుకు మారలేకపోతాం? మనిషి మెదడు లాభాన్ని, నష్టాన్ని ఒకే తూకంతో తూచదు. డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు 1992లో ప్రచురించిన పరిశోధనలో నష్టం బరువు లాభం కంటే సుమారు 2.25 రెట్లని తేలింది. అంటే 30,000 పోయిన బాధను మరిపించాలంటే 67,500 రావాలి. ఆ అంకె 25 మంది విద్యార్థుల మీద తేలింది, దాన్ని ప్రతి మనిషికీ వర్తించే సూత్రంగా తీసుకోకూడదు. కానీ వారి సిద్ధాంతాన్ని 2020లో 19 దేశాల్లో మళ్లీ పరీక్షించినప్పుడు మొగ్గు అదే వైపు కనిపించింది. మన రైతు విషయంలో ఇది ఇలా పనిచేస్తుంది: మందు కొట్టకపోతే పోయే అయిదు క్వింటాళ్లు కళ్ల ముందు కనిపించే నష్టం. మందు మీద పెట్టే లక్ష రూపాయలు పన్నెండు సార్లుగా, చిల్లరగా, అప్పు పద్దులో పోయేది. మొదటిది భయపెడుతుంది, రెండోది పెట్టదు. కాబట్టి పాత దారిలో ఉండిపోవడం మొండితనం కాదు, భయం వేసే లెక్క. భయపడేవాడికి ధైర్యం చెప్పేకన్నా, భయపడాల్సిన అసలు మొత్తాన్ని ఒక్కచోట కూడి చూపించడం మేలు.

ఆ కూడిక ఎప్పుడు చేయాలన్నది కూడా ముఖ్యమే, దీని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. తమిళనాడులో 54 ఊళ్లలో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందొకసారి, కోత తర్వాతొకసారి ఆలోచనకు సంబంధించిన పరీక్షలు పెట్టారు. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. అవే మనుషులు, చేతిలో డబ్బు లేని రోజుల్లో తక్కువ మార్కులు, డబ్బు చేరాక ఎక్కువ మార్కులు. తెలివి తగ్గలేదు, అప్పు ఆలోచన మెదడులో చోటు ఆక్రమించింది. మన మిర్చి రైతు వచ్చే ఏడు ఏం వేయాలో, ఎంత పెట్టాలో తేల్చుకునేది ఎప్పుడు? జూన్, జూలైలో, నారుకు, కౌలుకు డబ్బు వెతుక్కుంటూ, కమీషన్ కొట్టు ముందు నిలబడి. ఏడాదిలో అంత పెద్ద నిర్ణయానికి అంతకన్నా చెడ్డ సమయం లేదు. సరుకు అమ్మేసి, యార్డుకు వేసవి సెలవులిచ్చే మే నెల దానికి తగిన కాలం. కల్లం ఖాళీ అయి ఉంటుంది, చీటీలన్నీ చేతిలో ఉంటాయి, ఇంకా ఎవరి దగ్గరా చేయి చాచలేదు.

మొత్తం నేలను ఒకేసారి మార్చమనడం తప్పు, ప్రమాదం కూడా. అమెరికాలో అయోవా రాష్ట్రపు రెండు ఊళ్లలో 259 మంది మొక్కజొన్న రైతులు సంకర విత్తనానికి ఎలా మారారో 1943లో రయాన్, గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు రాశారు. ఇద్దరు తప్ప అందరూ మారారు, కానీ దానికి 1928 నుంచి 1941 దాకా పట్టింది. మొదటి ఏడు చాలామంది వేసింది కొద్ది నేలలోనే. కబురు తెచ్చింది విత్తనాలు అమ్మేవాడు, నమ్మకం కలిగించింది పక్కచేను రైతు. తర్వాత ఎవరెట్ రోజర్స్ అనే పరిశోధకుడు 1962లో దీన్ని శాతాలుగా విడదీశాడు: నూరిళ్ల ఊళ్లో ముందుగా అడుగేసేది రెండు, మూడిళ్లు, వాళ్లను చూసి పదమూడు, పద్నాలుగు, ఆ తర్వాతే పెద్ద గుంపు.

మన దగ్గరా అలాగే జరిగింది. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల పత్తి ఊరు. 1999 ప్రాంతంలో కొద్దిమంది వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు మొదలుపెట్టారు. కొన్నేళ్లకే పంచాయతీ తమది పురుగుమందుల్లేని ఊరని ప్రకటించుకుంది. ఆ పద్ధతిని పొదుపు సంఘాల మహిళలు అందుకున్నారు. 2009 నాటికి అది మూడు లక్షల మంది రైతులకు చేరింది. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రైతు సాధికార సంస్థ మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్ గుల్బెంకియన్ బహుమతిలో భాగం దక్కింది. ఇది ఆడవాళ్ల సంఘాల ద్వారా పాకడం నాకు చాలా విలువైన విషయంగా తోస్తుంది. ప్రతి సమావేశంలో కట్టిన సొమ్ము, ఉన్న బాకీ రాసుకునే అలవాటు వాళ్లకు అప్పటికే ఉంది. క్వింటాళ్ల గొప్ప మగవాళ్ల అరుగుది, మిగులు లెక్క వాళ్ల పుస్తకంలోది.

రాసే అలవాటుకు ఎన్నాళ్లు పడుతుంది? లండన్‌లో 96 మంది మీద చేసిన అధ్యయనంలో ఒక కొత్త పని అలవాటు కావడానికి సగటున 66 రోజులు పట్టింది, కానీ కొందరికి 18, కొందరికి 254. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన ఏమీ చెడలేదు. మిర్చి నాటిన నాటినుంచి మొదటి కోత దాకా ఉండే రోజులు చాలామందికి సరిపోతాయి. రోజూ ఒక పేజీ అక్కర్లేదు, ఆ రోజు చేతి నుంచి పోయినదీ, అప్పు పద్దులో పెరిగినదీ, రెండు అంకెలు చాలు.

తృప్తిని కొలవడానికి ప్రపంచ సంతోష నివేదిక వాడేది ఒక నిచ్చెన: సున్నా నుంచి పది మెట్లు, మీరు ఏ మెట్టు మీద ఉన్నారో మీరే చెప్పాలి. 2025లో 147 దేశాల్లో భారత్ 118వది. ఈ నిచ్చెన పక్కింటివాడి మెట్టు అడగదు. ఎకరాకు ఎన్నొచ్చాయన్న ప్రశ్న అడిగేది ఎప్పుడూ పక్కచేనుతో పోల్చడానికే.

మనసు మారితే చాలు అని నేను అనడం లేదు. 2019 జాతీయ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి, సగటు అప్పు 2,45,554 రూపాయలు, దేశంలోనే అత్యధికం. దేశ సగటు 74,121. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో అప్పు 82 శాతం కుటుంబాలకే ఉండేది. కౌలు రైతుకు కార్డు ఇవ్వాలని 2019లో చట్టం వచ్చింది, దానికి భూమి యజమాని సంతకం కావాలి, చాలామంది యజమానులు పెట్టరు, కార్డు లేనిదే బ్యాంకు అప్పు దొరకడం కష్టం. ఈ గోడలను ఏ ఒక్క మనిషి ఆలోచనా పడగొట్టదు. అప్పు భారంతో రాత్రులు గడవనివాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు 14416కు ఫోన్ చేయవచ్చు. అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ లైను, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అయినా లెక్క చేతిలో ఉన్న కౌలు రైతుకు ఒక మాట దొరుకుతుంది. పై ఊహా లెక్కలో రెండో రైతు ఖర్చు 1,30,000, పంట 15 క్వింటాళ్లు, అంటే క్వింటాలుకు 8,667 వస్తే అసలు గట్టెక్కుతుంది. యజమాని కౌలు 20,000 పెంచమంటే ఆ అంకె 10,000 అవుతుంది. 11,781 ధర చూసిన ఏడాది తర్వాత, మే నెలలో కౌలు మాట్లాడుకోవడానికి కూర్చున్నప్పుడు, ఆ రెండు అంకెలూ రాసిన కాగితం యజమాని ముందు పెట్టి బేరం అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.